మాస్టారి గమ్మీల సీసా

ఉదయం ఆరు గంటల షిఫ్టుకు వచ్చేవాళ్లలో చాలామంది, సూదులు గుచ్చి మిషను మొదలుపెట్టిన కాసేపటికే కళ్లు మూస్తారు. డయాలసిస్ టెక్నీషియన్‌గా రోజూ చూస్తున్నా ఆ నిద్ర నాకు బాధగానే ఉంటుంది. పగలు నాలుగు గంటలు ఇలా గడిస్తే రాత్రి కునుకు పట్టదు. కాళ్లు లాగుతున్నాయనీ, ఒళ్లంతా దురదనీ అర్ధరాత్రి లేచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటారని వాళ్ల ఇంటివాళ్లు చెబుతుంటారు.

ఈ మధ్య ఒక రిటైర్డు మాస్టారు సంచిలోంచి ఒక సీసా తీసి చూపించారు. డాలస్‌లో ఉన్న కూతురు పంపిందట. ఊదారంగు గమ్మీలు, అంటే నమిలి తినే జెల్లీ బిళ్లలు, పైన పంచదార అద్దినవి. "మందు కాదు బాబూ, నిద్రకు విటమిన్ లాంటిది" అన్నారు. చీటీ చదివాను. రెండు గమ్మీలకు 10 మిల్లీగ్రాముల మెలటోనిన్. అడుగున సన్నటి అక్షరాల్లో నాలుగైదు మూలికల పేర్లు.

మెలటోనిన్ విటమిన్ కాదు, హార్మోను. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి దీన్ని విడుదల చేస్తుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం దీన్ని మొదటిసారి వేరుచేసింది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో రాత్రి పూట పెరగవలసినంత పెరగదు. మా రోగుల్లో చాలామంది బీపీకి వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్ కూడా దాన్ని తగ్గిస్తాయి. కాబట్టి బయటి నుంచి ఇద్దామన్న ఆలోచన అర్థంలేనిదేమీ కాదు.

నెదర్లాండ్స్‌లో పగటి డయాలసిస్ రోగులకు రాత్రి పదింటికి 3 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడు నిద్ర పట్టడానికి సగటున 44 నిమిషాలకు పైగా పడితే, మెలటోనిన్‌తో 16 నిమిషాల లోపే పట్టింది. చదివి నేనూ సంతోషించాను. అయితే ఆ అధ్యయనం పూర్తిచేసినవారు 20 మందే. తర్వాత అక్కడే ఏడాది పాటు ఇచ్చి చూస్తే, మూడు నెలలకు కనిపించిన మేలు ఏడాది చివరికి నిలవలేదు. మాస్టారి గమ్మీల్లో ఉన్నది ఆ మోతాదుకు మూడు రెట్లు దాటింది.

అదైనా చీటీ నిజమైతే. అమెరికాలో 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షించి 2023లో ప్రచురించారు. రాసినదానిలో 74 శాతం నుంచి 347 శాతం దాకా ఉన్నాయి, ఒకదానిలో మెలటోనిన్ అసలే లేదు. అక్కడ దీన్ని ఆహార అనుబంధంగా అమ్ముతారు, డాక్టరు చీటీ అక్కర్లేదు. యూరప్‌లో 2 మిల్లీగ్రాముల మాత్రను మందుగా అనుమతించినప్పుడు, కిడ్నీ జబ్బున్నవారిలో దాని ప్రభావాన్ని పరిశీలించలేదు, జాగ్రత్తగా ఇవ్వాలని దాని సమాచార పత్రంలోనే రాశారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి మెలటోనిన్‌తో రక్తస్రావం ముప్పు ఉంటుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారు డాక్టరుతో మాట్లాడకుండా ముట్టుకోకూడదు. మూలికల సంగతి మరీ చిక్కు: పేర్లే తప్ప, ఏది ఎంతున్నదీ ఆ చీటీలో లేదు.

నిద్రకు పాలు, అరటిపండు అని చెప్పే బంధువులకు కూడా ఒక మాట. అరటిలో పొటాషియం, పాలలో ఫాస్ఫరస్. డయాలసిస్ రోగికి ఆ రెండూ లెక్కచూసి పెట్టవలసినవే.

సీసాను మా కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) మేడమ్ బల్లమీద పెట్టాను. ఆవిడ మెలటోనిన్ గురించి మాట్లాడేముందు చాలా ప్రశ్నలు అడిగారు. కాళ్లు పడుకున్నాక లాగుతాయా, నడిస్తే తగ్గుతుందా? గురక ఉందా, ఊపిరి ఆగినట్టు ఇంట్లో ఎవరైనా గమనించారా? దురద ఎక్కడ? మాస్టారికి కాళ్ల బాధే పెద్దదని తేలింది. అది ఐరన్ తక్కువైనా వస్తుంది కాబట్టి నిల్వలు చూడమని రక్తపరీక్ష రాశారు. గమ్మీలు పక్కనపెట్టమన్నారు. ఇది ఫలించకపోతే 3 మిల్లీగ్రాముల మాత్ర గురించి తర్వాత ఆలోచిద్దామన్నారు.

మరో పని నాకు అప్పగించారు, పగలు ఆయన్ని నిద్రపోనివ్వకుండా చూడమని. అందుకే ఇప్పుడు మాస్టారి మంచం కిటికీ పక్కకు మార్చాను. సూదులు లేని చేత్తో పేపరు పట్టుకుని, పక్క మంచం ఆయనకు సంపాదకీయం గట్టిగా చదివి వినిపిస్తున్నారు. ఆయనా నిద్రపోవడం లేదు.