ఉక్కపోతలో పీపా స్టౌట్: చేజారుతున్న ఎనిమిది నిమిషాలు

గ్లాసులోని బీరు వేడెక్కుతుంటే వెనిల్లా వాసన ఈసారి కూడా విచ్చుకున్నంత సేపట్లోనే మాయమైంది. షికాగో నుంచి మా బావమరిది సుంకం లేని రెండు లీటర్ల పరిమితిలో తెచ్చిన, బోర్బన్ విస్కీ పీపాల్లో మాగిన నల్లని చిక్కటి బీరు గూస్ ఐలాండ్ బోర్బన్ కౌంటీ స్టౌట్‌లో ఇక ఒక్క సీసాయే మిగిలింది కాబట్టి, దాన్ని తెరిచేలోగా ఈ చిక్కు తేల్చుకోవాలన్న పంతంతో లెక్కలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. దానితోపాటు వచ్చిన రోడెన్‌బాక్ గ్రాండ్ క్రూ అనే బెల్జియం బీరు మాత్రం ఏ పేచీ పెట్టకుండా, పుల్లని చెర్రీ రుచితో చక్కగా కుదిరింది.

బోర్బన్ కోసం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలనే వాడాలన్నది అమెరికా చట్టం గనుక, ఒకసారి వాడిన పీపాలు బీరు తయారీకి దొరుకుతాయి. ఆ చెక్క ఇచ్చే వెనిల్లా, కొబ్బరి వాసనలు లేకపోతే ఇంత ఖర్చు పెట్టి ఈ స్టౌట్ తెప్పించుకోవడంలో అర్థం లేదు. నా ముక్కుకు తెలిసినంతవరకు 12 డిగ్రీల కింద కోకో చేదు తప్ప మరేమీ అందడం లేదు. 12 నుంచి 16 మధ్య అన్నీ వరుసగా పైకి వస్తున్నాయి. 18 దాటగానే, 14 శాతానికి అటూ ఇటూగా ఉండే ఆల్కహాలు ఘాటు మిగతావాటిని కప్పేస్తోంది. కింగ్‌ఫిషర్ లాంటి తేలికపాటి బీరైన లాగర్‌తో ఈ బాధ లేదు. 4 డిగ్రీలకు దించి తాగడమే దానికి మర్యాద.

నెల్లూరులో మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్లాక గదిలో 34 డిగ్రీలు ఉన్నప్పుడు, 5 డిగ్రీల స్టౌట్ 120 మి.లీ. పోస్తే, అది 12కు చేరడానికి పదకొండు నిమిషాలు, అక్కడి నుంచి 16 దాటడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. చెన్నై నుంచి కారు డిక్కీలో వచ్చిన ఎండకే బీరు చెడిందేమోనని మొదట అనుమానించాను గాని, చెడిన బీరుకు ఉండే తడిసిన అట్టముక్క వాసన గాని, పులుపు గాని లేదు.

కొంచెం కొంచెంగా పోసుకోవడమే దీనికి పరిష్కారం అని చాలామంది అంటారు. ఈ ఊళ్లో అది పనికిరాదని నా అభిప్రాయం. రెండు వందల గ్రాముల గ్లాసు 34 డిగ్రీల వద్ద ఉండగా అందులో 10 డిగ్రీల స్టౌట్ 40 మి.లీ. పోస్తే, గ్లాసులోని వేడికే అది 20 దాటిపోయింది. గ్లాసును ముందుగా ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీసిన క్షణంలోనే లోపలి గోడలు కూడా చెమర్చి, ఆ నీరంతా బీరులో కలుస్తోంది.

బీరును ఇంత త్వరగా వేడెక్కిస్తున్న అసలు దొంగ గ్లాసుకు పట్టే ఆ చెమ్మేనని ఇప్పుడు గట్టిగా అనుమానిస్తున్నాను. ఎనిమిది నిమిషాల్లో గ్లాసు బయట పట్టిన నీటిని కాగితంతో అద్ది, బంగారం తూచే చిన్న కాటా మీద పెడితే 0.4 గ్రాములు తూగింది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 2,400 జౌళ్ల వేడి విడుదలవుతుంది, 120 మి.లీ. బీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 500 జౌళ్లు చాలు. అంటే పెరిగిన నాలుగు డిగ్రీల్లో దాదాపు సగం ఆ చెమట పుణ్యమే కావచ్చు. ఖరీదైన బీరు వృథా చేయడం ఇష్టం లేక, పొడి పడమటి గాలి వీచిన రోజున అదే గ్లాసులో మంచినీళ్లు పోసి చూశాను. గది 37 డిగ్రీలున్నా గ్లాసు చెమర్చలేదు, 12 నుంచి 16కు రావడానికి పది నిమిషాలు పట్టింది. తడిగుడ్డ చుట్టే పద్ధతి మాత్రం శుద్ధ దండగ: ఈ ఉక్కలో గుడ్డ చల్లదనం 27 దగ్గరే ఆగిపోతుంది, 12 డిగ్రీల బీరుకు అది పొయ్యితో సమానం.

చివరికి చిన్న స్టీలు గ్లాసును పెద్ద గ్లాసులో, మధ్య గాలి ఉండేలా రబ్బరు బ్యాండ్లు చుట్టి దించి మంచినీళ్లతో కొలిస్తే, 12 నుంచి 16 మధ్య పధ్నాలుగు నిమిషాలు నిలిచింది. అయితే దాని వెడల్పాటి నోట్లో వాసన నిలవదు, స్టీలు అంచు తగిలితే నాకు ఇనుప రుచే ముందు తెలుస్తుంది. అందుకే రెండు గోడలుండి, మూతి ఇరుకుగా ఉన్న గాజు గ్లాసు కోసం వెతుకుతున్నాను. కాఫీకి అమ్మేవన్నీ వెడల్పు నోటివే. అది దొరికితే ముందు నీళ్లతో, తరువాత గదిలో ఏసీ 24కు పెట్టి మళ్లీ నీళ్లతో కొలవాలి. ఆ రెండూ తృప్తినివ్వకపోతే, ఆఖరి సీసాను సంక్రాంతి ముందటి చలి రోజుల్లో ఉదయగిరి వైపు స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లి, రాత్రిపూట మేడ మీద తెరవాలని అనుకుంటున్నాను. సముద్రానికి అంత దూరంలో గ్లాసు ఎంత చెమరుస్తుందో తూచడానికి కాటా కూడా వెంట తీసుకెళ్తాను.