పూచీ ఒకరిది, తాళం ఒకరిది

సంక్రాంతికి విదేశం నుంచి అమలాపురం వెళితే "అక్కడ నీ పని ఏమిటి?" అని అడగనివారు ఉండరు. "కంప్యూటర్లు" అంటే సరిపోదు. కోనసీమలో ఇంటికో కంప్యూటర్ ఇంజనీరు ఉన్నాడు మరి! కాలువ మీద లస్కరుగా చేసి రిటైరైన మా మావయ్యకు మాత్రం ఈసారి వివరంగా చెప్పాను.

జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో కణాలను ఢీకొట్టించి రాబట్టే సమాచారం ఒక్కచోట పట్టదు. 40కి పైగా దేశాల్లోని దాదాపు 170 కేంద్రాలు దాన్ని పంచుకుని దాచిపెడతాయి, లెక్కలు కడతాయి. అలాంటి ఒక కేంద్రంలో నా ఉద్యోగం. యంత్రాలు మావే గానీ, వాటిని వాడే శాస్త్రవేత్తల్లో చాలామంది ముఖం కూడా మేము చూడలేదు. అందుకే పని పంచేశారు. మనిషి ఫలానా అని పూచీ పడేది అతని సంస్థ. తమ ప్రయోగంలో సభ్యుడని చెప్పేది ఆ ప్రయోగ బృందం. ఏ యంత్రం, ఎంత నిల్వ ఇవ్వాలన్నది మాత్రం మా ఇష్టం.

"నీరు వదిలేది ధవళేశ్వరం, వంతు కట్టేది నీటి సంఘం, తూము తాళం నా దగ్గర. అంతేగా?" అన్నారు మావయ్య. వెంటనే, "మరి అల్లుడూ, ఆ బయటివాడు ఉద్యోగం మానేస్తే నీకెవరు చెబుతారు?"

మా సమావేశాల్లో నలిగేది సరిగ్గా ఇదే. చేర్చుకోవడానికి అందరికీ తొందరే. తీసేయడం ఎవరికీ గుర్తుండదు. వెళ్ళిపోయినవాడి పేరు పాత సంస్థ జాబితాలో ఉన్నంతకాలం మా తలుపు అతనికి తెరుచుకుంటూనే ఉంటుంది. అందుకని గడువులు పెట్టారు. మనిషి ఎవరో యంత్రానికి చూపే డిజిటల్ ధ్రువపత్రానికి సుమారు ఏడాది. దాని మీద తీసుకునే తాత్కాలిక పత్రానికి మామూలుగా 12 గంటలు. దొంగ చేతికి చిక్కినా మర్నాటికి చెల్లదు. ఇప్పుడు వీటి స్థానంలోకి వస్తున్న టోకెన్లలో, అంటే డిజిటల్ అనుమతి చీటీల్లో, ఏ ఫైళ్ళ జోలికి వెళ్ళవచ్చో, చదవడమా రాయడమా అన్నది కూడా రాసి ఉంటుంది.

గడువు తగ్గేకొద్దీ మాకు తిట్లు పెరుగుతాయి. రోజుల తరబడి నడిచే లెక్క మధ్యలో ఆగిపోతే ఎవరికి మాత్రం మండదు? ఏటేటా నివాస అనుమతి కోసం కాగితాలు పట్టుకుని తిరిగేవాణ్ణి, ఆ చిరాకు నాకు కొత్త కాదు.

ఇంత ఏర్పాటు ఉన్నా, ఎవరినైనా తనంతట తాను నిలిపేసే హక్కును ప్రతి కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. అనుమానం వస్తే ముందు ఆపుతాం, తరువాత అతని సంస్థకు రాస్తాం. మావయ్యకు బాగా నచ్చింది ఇదొక్కటే.