పాటలో టిక్ చప్పుడు: ఎస్‌డీ డ్రైవర్‌లో ఆ 12 బైట్లు

దొరికింది! ఎస్‌డీ కార్డులోని వేవ్ (WAV) పాటలు వినిపించే నా ప్లేయర్‌లో పాట మధ్య 'టిక్'మంటున్న చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో ఇవాళ పట్టుకున్నా. కార్డు కాదు, డాక్ (అంకెల్ని ధ్వని సంకేతంగా మార్చే చిప్) కాదు, పవర్ సప్లై అంతకన్నా కాదు. ఎస్‌డీ డ్రైవర్‌లో (కార్డుని నడిపే కోడ్) క్యాష్ గొడవ. క్యాష్ అంటే ర్యామ్‌లోని డేటాకి నకళ్లు ఉంచుకునే, ప్రాసెసర్ దగ్గరి వేగమైన మెమరీ.

బోర్డులో మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎం32హెచ్743, డ్రైవర్ పైన ఫైళ్లని చూసుకునే లైబ్రరీ ఫ్యాట్‌ఎఫ్‌ఎస్, కార్డుకి 4 బిట్ బస్, 25 మెగాహెర్ట్జ్.

చెవితో తేలేది కాదని, వరుస సంఖ్యలు నింపిన ఫైల్‌ని కార్డులో పెట్టి చదివించా. తప్పు వచ్చినప్పుడల్లా 512 బైట్ల సెక్టార్‌లో (కార్డు నుంచి ఒక్కసారి వచ్చే ముక్క) మొదటి 12 బైట్లే పాతవి, మిగతా 500 శుభ్రం. 12 ఏమిటా అని బఫర్ (చదివిన డేటా దిగే ర్యామ్ చోటు) అడ్రస్ చూస్తే, 32తో భాగిస్తే 20 శేషం. ఈ చిప్‌లో క్యాష్ లైన్, అంటే క్యాష్ ఒక్కసారి పట్టుకునే ముక్క, 32 బైట్లు. అంటే మొదటి లైన్‌లో 20 బైట్లు పక్క వేరియబుల్స్‌వి, 12 నావి. ఆ 20లో చివరి నాలుగు మిల్లీసెకను కౌంటర్!

512 బైట్లు రావడానికి 41 మైక్రోసెకన్లు చాలు. కార్డు జవాబు కోసం ఎదురుచూపే ఎక్కువ. ఆ సందులో టైమర్ ఇంటరప్ట్ కౌంటర్‌ని పెంచితే, నా పాత 12 బైట్లతో సహా లైనంతా క్యాష్‌లోకి ఎక్కి డర్టీ అవుతుంది, అంటే ర్యామ్‌కి ఇంకా చేరని మార్పు అందులో ఉంటుంది. తర్వాత డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాని చేరవేసే హార్డ్‌వేర్) కొత్త డేటాని ర్యామ్‌లో రాస్తుంది. నేను తెచ్చుకున్న డ్రైవర్ చివర్లో క్లీన్ (క్యాష్‌లోని మార్పుని ర్యామ్‌కి రాయడం), ఇన్‌వాలిడేట్ (క్యాష్‌లోని నకలుని పారేయడం) రెండూ చేస్తోంది, దాంతో పాత 12 వెళ్లి కొత్తవాటి మీద పడుతున్నాయి. క్లీన్ తీసేసి ఒట్టి ఇన్‌వాలిడేట్ ఉంచా. డేటా సరిగ్గా వచ్చింది, కౌంటర్ మాత్రం, దాని పెంపు కూడా క్యాష్‌తో పాటే పోయి, అప్పుడప్పుడు వెనక్కి పోయింది! ఇక అనుమానం లేదు.

చిన్న రీడ్‌లలో ఇది బయటపడలేదు. సెక్టార్ కన్నా తక్కువ అడిగితే ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ తన సొంత బఫర్‌లోకి చదివి కాపీ చేస్తుంది, పూర్తి సెక్టార్ అడిగితే మన పాయింటర్‌నే నేరుగా కిందికి పంపుతుంది. దాని బఫర్ పక్కన తరచూ మారేదేమీ లేదేమో.

డీ-క్యాష్‌ని (డేటా క్యాష్) ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది నాకస్సలు నచ్చదు, డ్రైవర్ తప్పుకి ప్రోగ్రామంతా నెమ్మదించడం ఏం న్యాయం? బఫర్‌ని డీటీసీఎంలో (క్యాష్‌తో పని లేని, ప్రాసెసర్ పక్కనే ఉండే ర్యామ్) పెడదామంటే ఎస్‌డీఎంఎంసీ (చిప్‌లో కార్డుతో మాట్లాడే భాగం) డీఎంఏకి అది అందదు. అందుకే డ్రైవర్‌లోనే 32కి అలైన్ చేసిన (అడ్రస్ 32తో శేషం లేకుండా భాగమయ్యే) 512 బైట్ల బఫర్ పెట్టా. అడ్రస్ సరిగ్గా లేకపోతే డేటా అందులో దిగి, అక్కణ్నుంచి కాపీ అవుతుంది. కాపీకి రెండు మైక్రోసెకన్లు కూడా పట్టలేదు. ప్రాసెసర్ ముందస్తుగా లైన్లు లాగేసుకోవచ్చు కాబట్టి డీఎంఏ అయ్యాక కూడా ఇన్‌వాలిడేట్ ఉంచా.

టిక్ పోయింది.

కార్డుకి రాసే వైపు ఇంకా చూడాలి. తర్వాత ఒకేసారి 8 సెక్టార్లు చదివేలా మార్చి, రెండు బఫర్లతో ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఆడియో) ఫైళ్ల సంగతి మొదలుపెడతా.