విరిగింది కాలైతే ఆక్సిజన్ ఎందుకు?

ఇవాళ పగటి డ్యూటీ. ఆర్థో వార్డులో మామూలే, కట్లు, ట్రాక్షన్లు, విరిగిన ఎముకలో రాడ్ ఎప్పుడేస్తారని అడిగే చుట్టాలు. మొన్న రాత్రి బైక్ మీంచి పడి తొడ ఎముక విరిగిన కుర్రాడు నిన్నంతా ఫోన్ చూసుకుంటూ బాగానే ఉన్నాడు. పొద్దున నేను వెళ్లేసరికి ఎగశ్వాస. పక్కనే ఉన్న తల్లిని పట్టుకుని "అమ్మ ఎక్కడ?" అంటున్నాడు.

"రాత్రంతా నిద్ర లేదు సిస్టర్, మగతలో ఉన్నాడు" అందామె. వేలికి క్లిప్ పెడితే శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 86కి పడిపోయింది. ఒళ్లు వేడి. చొక్కా గుండీలు విప్పితే ఛాతీ మీద, చంకల్లో సన్నటి ఎర్ర చుక్కలు. చెమటకాయలని వదిలేసేలా ఉన్నాయి గానీ, నొక్కితే మాయం కావడం లేదు. ఈ చుక్కలు అందరికీ రావు, వస్తే మాత్రం అనుమానం గట్టిపడుతుంది. మాస్క్ పెట్టి డ్యూటీ డాక్టర్‌ని పిలిచాను. ఫ్యాట్ ఎంబాలిజం అన్నారు, వెంటనే ఐసీయూకి మార్చారు.

"విరిగింది కాలు కదమ్మా, ఆక్సిజన్ ఎందుకు?" తల్లి ఏడుపు. ఎముక లోపల మూలుగలో ఉండే కొవ్వు, తొడలాంటి పెద్ద ఎముక విరిగినప్పుడు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోని సన్న నాళాలకు అడ్డం పడుతుందని చెప్పాను. "మూలుగ బొక్కలో ఉండేదేనా?" అంది. అదే. నా వివరణ కంటే ఆమె మాటే బాగుంది.

చాలామందికి ఎంతో కొంత కొవ్వు రక్తంలోకి చేరినా ఏమీ కాదు. కొందరికే ఇలా, అదీ ఎక్కువగా దెబ్బ తగిలిన 24 నుంచి 72 గంటల లోపు. అంటే అందరూ "గండం గడిచింది" అనుకునే సమయంలో! 1862లోనే జెంకర్ అనే జర్మన్ డాక్టర్ రైల్వే కూలీ ఒకరి ఊపిరితిత్తుల్లో ఈ కొవ్వును చూశాడట, ఎక్స్‌రేలు కూడా లేని కాలం. కొవ్వును కరిగించే మందు ఇప్పటికీ లేదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్, ఊపిరితిత్తులు కోలుకునేదాకా కాపు కాయడమే.

కుర్రాడి పెదనాన్నగారు పుత్తూరు కట్టుకి తీసుకెళ్దామన్నారు. చేతి కట్టు సంగతి ఎలా ఉన్నా, తొడ ఎముక విరిగినవాణ్ని కార్లో కుదిపి తీసుకెళ్లడం నాకసలు నచ్చదు. ఎముక కదలకుండా ఎంత త్వరగా నిలబెడితే ఈ ముప్పు అంత తగ్గుతుంది.

సాయంత్రానికి మాస్క్‌తో 94. తల్లిని గుర్తుపట్టాడు. ఊపిరి కుదుటపడేదాకా రాడ్ మాత్రం వాయిదా.

హ్యాండోవర్‌లో, మోకాలి కింది ఎముక విరిగి నిన్న చేరిన ఇంకో కుర్రాడికి కూడా గంటగంటకీ శాచురేషన్ చూడమని, పేరడిగి మాట్లాడించమని రాసి వచ్చాను.