నాలుగో నంబరు కోంబర్‌తో ఆరు వారాలు

లూథియానాలో మే నెల వచ్చిందంటే గాలిలో తడి ఉండదు. ఉన్ని మిల్లులో పనిచేసేవాళ్లను ఎండ కన్నా ఆ పొడిగాలే ఎక్కువ ఏడిపిస్తుంది. డబ్బాలోంచి స్లైవర్, అంటే ఏకిన ఉన్ని తాడు, పైకి లేస్తుంటే పోగులు నిక్కబొడుచుకుంటాయి, రోలర్లకు చుట్టుకుంటాయి, చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే చేతి మీదికి లేచి వస్తాయి. 2017 మేలో సరిగ్గా అలాంటి రోజుల్లోనే స్పిన్నింగ్ వాళ్లు మా టాప్స్, అంటే మేం దువ్విన ఉన్ని, తిప్పి పంపారు. నెప్స్ ఎక్కువ ఉన్నాయి, ఈ దారంతో సూటింగ్ గుడ్డ నేస్తే రంగు వేశాక చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, మాకొద్దు అన్నారు.

నెప్ అంటే పోగులు మెలిపడి గసగసాల గింజంత ముడి కట్టడం. దాన్ని తీసెయ్యడానికే కోంబర్, అంటే ఉన్ని దువ్వే మెషీన్, ఉంది. అలాంటిది కోంబర్ దాటి వచ్చిన టాప్స్‌లోనే నెప్స్ ఉన్నాయంటే తప్పు మా సెక్షన్‌ది. నేను అప్పటికి అక్కడ మెయింటెనెన్స్‌లో చేరి నాలుగేళ్లయింది.

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె, కురుమల ఇల్లు. మా నాయనమ్మ నల్లగొర్రె ఉన్ని వడికింది, తాత గొంగళ్లు నేశాడు. నేసే ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టించేవాళ్లు, ఆ వాసన నాకిప్పటికీ గుర్తే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి అప్రెంటిస్‌గా లూథియానా వెళ్లినప్పుడు ఉన్ని నాకు కొత్త కాదనుకున్నాను. కానీ మా ఇంట్లో జరిగింది ఏకడం. మిల్లులో జరిగేది ఏకిన తర్వాత దువ్వడం. ఏకితే ముద్ద విడిపోతుంది, పొట్టివీ పొడుగువీ కలిసే ఉంటాయి. దువ్వితే పొట్టి పోగులు, నెప్స్, గడ్డి నలుసులు కిందికి పోయి పొడుగు పోగులు మాత్రం వరసగా పడుకుంటాయి. ఆ వరస పోగుల తాడే టాప్స్. కింద రాలింది నాయిల్. నాయిల్‌ను చెత్త అనకూడదు, దుప్పట్ల దారంలోకి పోతుంది. కాకపోతే టాప్స్ ధర దానికి రాదు.

మా హాల్లో ఎనిమిది కోంబర్లు, అన్నీ ఫ్రెంచి పద్ధతివే. వాటి మూలం 1845లో ఫ్రాన్స్‌లోని అల్జాస్‌కు చెందిన జోసువే హైల్మాన్ తీసుకున్న పేటెంటు. కూతుళ్లు జుట్టు దువ్వుకుంటుంటే చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని కథగా చెప్తారు. కథ మాటెలా ఉన్నా మెషీన్ పని అచ్చం జడ దువ్వినట్టే ఉంటుంది. నిప్పర్ దవడల్లా ఉన్నిని పట్టుకుంటుంది. బయటికి వేలాడే కొసను సూదులు పొదిగిన గుండ్రటి దువ్వెన, అంటే సర్కులర్ కోంబ్, కింద తిరుగుతూ దువ్వుతుంది. మొదటి వరసల్లో సూదులు లావుగా, దూరంగా ఉంటాయి. పోనుపోను సన్నగా, దగ్గరగా వస్తాయి. తర్వాత నిప్పర్ తెరుచుకుంటుంది, డిటాచింగ్ రోలర్లు ముందుకొచ్చి దువ్విన కొసను అందుకుంటాయి, పైనుంచి టాప్ కోంబ్ దిగుతుంది. పోగుల వెనక భాగం దాని పళ్లలోంచి లాగబడుతుంది. ఇదంతా ఒక్క నిమిషంలో నూట నలభై సార్లు. సర్కులర్ కోంబ్‌కు చిక్కిన చెత్తను దాని కింద తిరిగే బ్రష్ ఊడుస్తుంది, బ్రష్ మీదిది ముళ్లతీగ చుట్టిన డాఫర్ అనే రోలర్ లాక్కుంటుంది, డాఫర్ మీదిది నాయిల్ డబ్బాలో పడుతుంది. ఈ చివరి వరస మీద ఎవరి చూపూ ఉండదు. పొడుగు పోగులు నడిచే దారినే అందరూ చూస్తారు.

ముందు ఉన్నిని తప్పుబట్టారు, ఈ ఆస్ట్రేలియా లాట్ బాగాలేదన్నారు. తర్వాత కార్డింగ్‌ను, అంటే ఏకే సెక్షన్‌ను. తర్వాత ఆపరేటర్లను, రాత్రి షిఫ్ట్ వాళ్లు సరిగా చూడటంలేదని. ఇది నాకు చాలా బాధ కలిగించింది. పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనిషి తన తప్పు కాదని నిరూపించుకోవడానికి చేతిలో ఏ కాగితమూ ఉండదు. చివరికి పైనుంచి వచ్చిన ఆజ్ఞ ఏమిటంటే నిప్పర్‌కూ డిటాచింగ్ రోలర్లకూ మధ్య దూరం 28 మిల్లీమీటర్ల నుంచి 31కి పెంచమని. దూరం పెంచితే నెప్స్ కొంత తగ్గుతాయి, నిజమే. కానీ మంచి పోగులు కూడా నాయిల్‌లోకి పోతాయి. నాయిల్ ఏడున్నర శాతం నుంచి తొమ్మిదిన్నర దాటింది. రోగం అలాగే ఉంది, ఖర్చు పెరిగింది.

మా సెక్షన్ ఫిట్టర్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లి అడిగాను. "పుత్తర్, ఎనిమిది మెషీన్ల టాప్స్ కలిపి చూస్తే ఏం తెలుస్తుంది? విడివిడిగా చూడు" అన్నాడాయన.

ఒకే స్లైవర్ ఎనిమిదింటికీ పెట్టించి, ఒకే షిఫ్ట్‌లో, ఒక్కో మెషీన్ నుంచి టాప్స్ తీసి ల్యాబ్‌లో వెలుగు పలక మీద పరిచి నెప్స్ లెక్కపెట్టాం. వంద గ్రాములకు ఏడో నంబరులో తొమ్మిది. నాలుగో నంబరులో ముప్పై నాలుగు. మిగతావి ఆ మధ్యలో. అదే ఉన్ని, అదే కార్డింగ్, అదే గాలి, ఆ రెండింటి మీదా అదే ఆపరేటర్. ఆ కాగితం షిఫ్ట్ ఇంజినీరు బల్ల మీద పెట్టాక ఆపరేటర్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను మొదట సూదులను అనుమానించాను. భూతద్దం పెట్టి చూస్తే చివరి మూడు వరసల్లో పదకొండు సూదులు విరిగి ఉన్నాయి, కొన్ని వంగి పక్కదానికి ఆనుకున్నాయి. దొరికింది అనుకున్నాను. ఆ సూదులు పొదిగిన పలకలకు కొత్త సూదులు వేయించి తెచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. బిగించి, లెక్క చూస్తే ఇరవై తొమ్మిది! పన్నెండు రోజులకు ఐదు నెప్స్.

అప్పుడు ఎలక్ట్రికల్ వాళ్ల దగ్గర స్ట్రోబోస్కోప్ అనే మినుకు దీపం అడిగి తెచ్చాను. మెషీన్ వేగానికి సరిపడా మినుకుమనేలా పెడితే తిరిగే దువ్వెన ఆగిపోయినట్టు కనపడుతుంది. మోకాళ్ల మీద కూర్చొని, కింది కవరు సందులోంచి చూశాను. సూదులు బ్రష్ దాటి పైకి వస్తున్నాయి. అక్కడికి వచ్చేసరికి శుభ్రంగా ఉండాలి. ప్రతి సూది మొదట్లోనూ తెల్లటి నూగు పేరుకుని ఉంది, వరస వరసంతా పంటిపాచిలా. ఆ నూగుతోనే మళ్లీ కొత్త కొసలోకి దిగుతోంది. ఏడో నంబరు దగ్గరికి వెళ్లి అలాగే చూశాను. సూదులు మొదలుదాకా మెరుస్తున్నాయి. ఏడో నంబరుకు ఫిబ్రవరిలో కొత్త బ్రష్ వేశారు.

కొత్త బ్రష్ కుచ్చులు సూదుల మధ్య రెండు మిల్లీమీటర్ల లోతు దాకా దూరతాయి. నెలలు గడిచేకొద్దీ కుచ్చులు అరిగి కొసలు వంగుతాయి, సూది మొన తాకి వెనక్కి వస్తాయి. వ్యాసం తగ్గితే అవే చుట్లు తిరిగినా బ్రష్ అంచు వేగం కూడా తగ్గుతుంది, కాబట్టి ఊడ్చే బలం రెండు వైపులా పోతుంది. పొడిగాలికి ఉన్నికి కరెంటు పట్టి నూగు సూదికి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. చలికాలంలో ఇదే బ్రష్‌తో ఎందుకు నడిచిపోయిందో అప్పుడర్థమైంది.

కొత్త బ్రష్ కావాలని రాస్తే స్టోర్స్‌లో లేవు, తెప్పించడానికి రెండు నెలలన్నారు. సరే, ఉన్న బ్రష్‌నే పైకి జరుపుదామని సెట్టింగ్ స్క్రూలు తిప్పి కుచ్చులు రెండు మిల్లీమీటర్లు దూరేలా పెట్టాను. సాయంత్రం చూస్తే నెప్స్ పద్దెనిమిదికి దిగాయి. సంతోషంగా రూముకెళ్లి పడుకున్నాను. పొద్దున వచ్చేసరికి నలభై ఒకటి.

నాకు చేతులాడలేదు. రాత్రి షిఫ్ట్ ఆపరేటర్, బీహార్ మనిషి, ఇంటికి వెళ్తూ వెళ్తూ ఆగి, "సార్, రాత్రి ఈ మెషీన్ నాయిల్ డబ్బా సగం కూడా నిండలేదు" అన్నాడు. ఆ మాటతో కవరు విప్పాను. బ్రష్ నిండా నాయిల్ ఫెల్టులా అట్టకట్టి ఉంది. బ్రష్‌ను సూదుల వైపు జరిపితే డాఫర్‌కు దూరమవుతుందన్న సంగతి నేను చూసుకోలేదు. బ్రష్ ఊడుస్తోంది, ఊడ్చింది తనలోనే పెట్టుకుంటోంది, నిండాక తిరిగి సూదులకే ఇస్తోంది. తప్పు పూర్తిగా నాది, షిఫ్ట్ రిజిస్టరులో అలాగే రాశాను. ఆ డబ్బా మాట చెప్పింది ఎవరో కూడా రాశాను.

ఇక అక్కడి నుంచి పని సాఫీగా సాగింది. రెండు దూరాలూ కలిసి సరిపడాలంటే కంటి అంచనా పనికిరాదు. వర్క్‌షాపులో ఇత్తడి రేకుతో ఒక గేజ్ కోయించాను, ఒక కొస బ్రష్‌కూ సూదులకూ, రెండో కొస బ్రష్‌కూ డాఫర్‌కూ. దాని మీద మూడు మెట్లు, కొత్త బ్రష్‌కు ఒకటి, సగం అరిగినదానికి ఒకటి, మార్చే ముందు దశకు ఒకటి. ఉస్తాద్ ఆ గేజ్ చేతిలో పట్టుకుని చూసి, అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యమన్నాడు, సూదులకు తగిలితే మొనలు పాడవుతాయని. బ్రష్ మోటారుకు ఇంకో పుల్లీ చేయించాం, అరిగిన బ్రష్ కాస్త వేగంగా తిరగడానికి. పదిహేను రోజులకోసారి బ్రష్ వ్యాసం కొలిచి రాయడానికి ఒక పుస్తకం పెట్టాం.

హాల్లో గాలికి తడి పట్టించే హ్యుమిడిఫికేషన్ ప్లాంట్ గురించి మాత్రం పెద్ద గొడవే అయింది. మూడు నాజిళ్లు సున్నం పట్టి మూసుకుపోయాయని నేను ఏప్రిల్ నుంచీ రాస్తున్నాను. నెప్స్ లెక్కా, హాల్లో తేమ లెక్కా పక్కపక్కన పెట్టి చూపించాకే శుభ్రం చేయించారు. తేమ 50 శాతం నుంచి 70కి వచ్చింది.

జూన్ చివరికి నాలుగో నంబరు పదకొండు నెప్స్ మీద నిలబడింది. అన్ని మెషీన్లకూ అదే గేజ్ పెట్టాక, 31 మిల్లీమీటర్ల దూరాన్ని మళ్లీ 28కి తెచ్చాం. నాయిల్ ఎనిమిది శాతం లోపలికి దిగింది. రోజుకు వెయ్యి కిలోలు దువ్వితే ఆ తేడా పదిహేను కిలోలకు పైనే, అంతా మంచి పొడుగు పోగే.

దసరాకు ఊరెళ్తూ మూరెడు టాప్స్ కాగితంలో చుట్టుకుని తీసుకెళ్లాను. నాయనమ్మ అరుగు మీద కూర్చుంది. చూపు తగ్గింది కాబట్టి చేత్తోనే చూసింది. వేళ్ల మధ్య నలిపింది, కొంచెం లాగి తొడ మీద మెలివేసి సన్నటి పోగు తీసింది, దాన్ని పెదవులకు ఆనించుకుంది.

"ఒక్క నలుసు లేదు బిడ్డా. దీన్ని ఎవరు దువ్విన్రు?" అంది.

మెషీన్ అని చెప్పాను. ఆ ఆరు వారాల సంగతి కూడా చెప్పాను, బ్రష్ నుంచి డబ్బా దాకా. అంతా విని, పోగును ఇంకోసారి లాగి చూసి, "మెత్తగుంది. గొంగడి నేస్తే మాత్రం వాన ఆగదు" అని, ఆ మూరెడు టాప్స్‌ను కాగితంలో మళ్లీ జాగ్రత్తగా చుట్టి తన పెట్టెలో పెట్టుకుంది.