వాగ్దాన కార్డు, తప్పుల నోట్‌బుక్కు: నా ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) ప్రిపరేషన్

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి మళ్ళీ కూర్చుంటున్న వాళ్ళ కోసం, అందులోనూ "ఇంత ప్రార్థించినా నాకెందుకు రాలేదు" అని లోపల్లోపల నలిగిపోతున్న వాళ్ళ కోసం రాస్తున్నాను.

2018 డీఎస్సీ నాకు కొద్దిలో పోయింది. తర్వాత ఏళ్ళ తరబడి నోటిఫికేషనే లేదు. 2023 డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని నేను తీసిన వాగ్దాన కార్డులో (బైబిలు వాక్యం రాసిన చిన్న కార్డు), దేవుడు తలుపు తెరుస్తాడన్న మాట వచ్చింది. ఆ తలుపు డీఎస్సీదేనని నేనే ఫిక్సయిపోయాను. కార్డుని హాల్‌టికెట్‌లా పర్సులో పెట్టుకు తిరిగాను. ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ రానే వచ్చింది. ఎన్నికలొచ్చాయి, పరీక్ష వాయిదా పడింది, ప్రభుత్వం మారింది, నోటిఫికేషన్ రద్దయింది. చర్చిలో ఒక పెద్దావిడ "నీకు విశ్వాసం చాలట్లేదమ్మా" అంది. రద్దు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. (నా విశ్వాసానికీ ప్రభుత్వ ఉత్తర్వుకీ సంబంధమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.)

డీఎస్సీ కోచింగ్‌కి పేరున్న అవనిగడ్డలో రూమ్ తీసుకున్నాను. రాత్రి రెండింటి దాకా చదవడం, నాలుగింటికే లేవడం. చదివింది నిలిచేది కాదు. మెస్సులో అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. ఆ రోజుల్లోనే బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ మళ్ళీ చదివాను. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్నదే. బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని, అక్కడే పడుకుంటాడు. దేవదూత వచ్చి గద్దించలేదు, విశ్వాసం తక్కువైందని అనలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్ళు చూపించాడు. తిని మళ్ళీ పడుకుంటే, రెండోసారీ లేపి తినమన్నాడు. ప్రయాణం సంగతి ఆ తర్వాతే. ఆ రాత్రి పదిన్నరకే పుస్తకం మూసేశాను. నెల తిరిగేసరికి చదివింది బుర్రలో ఉండటం మొదలైంది.

ఇంకొకటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. గ్రాండ్ టెస్టులో (పూర్తి సిలబస్ మాక్ టెస్టు) ఎనభైకి 51 వస్తే, రూమ్మేట్ అక్కకి 62 అని చెప్పేదాన్ని. రోజూ పడుకునే ముందు పాపాలు ఒప్పుకునే అలవాటు నాకుంది, కానీ అందులోకి ఈ 62 ఎప్పుడూ రాలేదు! ఒకరాత్రి ప్రార్థన మధ్యలో ఆగి, "అక్కా, నాకు వచ్చింది 51" అన్నాను. ఆవిడ నవ్వి, "ఏవి పోయాయో చూద్దాం పట్టు" అని పేపరు లాక్కుంది. సగం తప్పులు మెథడాలజీలోనే (పాఠాలు చెప్పే పద్ధతులు). ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్కు పెట్టాను: తప్పు ప్రశ్న, ఎందుకు తప్పింది. తెలియకనా, తొందరపడా, తెలిసినట్టు నటించా? మూడో రకమే ఎక్కువ తేలింది.

2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ఇచ్చారు. జూన్ 6 నుంచే పరీక్షలు. అందరూ టైమ్ చాలదని టెన్షన్ పడ్డారు, నేనూ పడ్డాను. కొత్త పుస్తకం ఒక్కటీ కొనలేదు. పాఠ్యపుస్తకాలు, ఆ నోట్‌బుక్కు, అంతే. టీచర్ అర్హత పరీక్ష టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి, టెట్ స్కోరు తక్కువున్న వాళ్ళు దాన్ని మళ్ళీ రాయడానికి బద్ధకించకండి.

నాకు వచ్చింది. నాకన్నా బాగా చదివి, నాకన్నా బాగా ప్రార్థించే అక్కకి రాలేదు.

చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చాడంటే, మరి అక్కకి ఇవ్వలేదనా? మైకు పట్టుకుని నిద్ర గురించీ, ఆ 51 గురించీ చెప్పి దిగిపోయాను. ఎవరూ హల్లెలూయ అనలేదు.

అక్క ఇప్పుడు తర్వాతి నోటిఫికేషన్‌కి చదువుతోంది. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి బిట్లు అడుగుతుంటాను. నిన్న పిల్లల ఆలోచన ఎదుగుదల గురించి పియాజే చెప్పిన దశల్లో రెండు తప్పు చెప్పింది. "నోట్‌బుక్కులో రాసుకో" అన్నాను.

"నువ్వు చెప్పేలోపే రాసేశాలే" అంది.