జున్నుని లండన్ విమానం ఎక్కించడానికి పట్టిన తేదీల లెక్క

కుక్కని బ్రిటన్ తీసుకెళ్దామనుకునేవాళ్లు టికెట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ కుక్కకి మైక్రోచిప్ ఎప్పుడు వేయించారో చూసుకోవాలి. మిగతా తేదీలన్నీ దాని వెనకే నడుస్తాయి. చెన్నైలో తెలిసిన తెలుగువాళ్లు ఈ మధ్య ఇదే పని మీద తరచూ ఫోన్ చేస్తున్నారు. అందరికీ ఫోన్‌లో చెబుతుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా జున్ను పేరున్న జాతేమీ కాదు. కొళత్తూరులో మా అపార్ట్‌మెంట్ వెనక ఇసుకకుప్ప మీద దొరికిన పిల్ల. ఒళ్లంతా జున్ను రంగులో ఉన్నాడని మా అమ్మ ఆ పేరు పెట్టింది. మావారికి బ్రిటన్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం ఖాయం కాగానే చుట్టాలంతా ఒకే మాట అన్నారు: "వాణ్ణి ఎవరికైనా ఇచ్చేసి హాయిగా వెళ్లండి." నాకు ఆ మాట మింగుడు పడలేదు. మావారు ముందు వెళ్లేలా, నేను జున్ను పనులన్నీ పూర్తి చేసుకుని వాడితోపాటు వెళ్లేలా అనుకున్నాం. ఇందులో ఒక నిబంధన కూడా ఉంది. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య 5 రోజులకు మించి తేడా ఉంటే దాన్ని వ్యాపార సరుకు కింద లెక్కేస్తారు. అప్పుడు నిబంధనలే మారిపోతాయి. కాబట్టి కాగితాలన్నిటిలో యజమానిగా నా పేరే పెట్టించాం.

రేబిస్ విషయంలో బ్రిటన్ ఒక జాబితా పెట్టుకుంది. అందులో ఉన్న దేశాల నుంచి వచ్చే కుక్కలకు పని తేలిక. మన దేశం ఆ జాబితాలో లేదు. అంటే చిప్, దాని తర్వాత రేబిస్ టీకా, టీకా వేసిన రోజు కాకుండా కనీసం 30 రోజులు ఆగి రక్తపరీక్ష, రక్తం తీసిన తేదీ నుంచి 3 నెలలు ఆగాక ప్రయాణం. అన్నీ కలిపితే తక్కువలో తక్కువ నాలుగు నెలల పని.

జున్నుకి ఏటా టీకాలు వేయిస్తూనే ఉన్నాం. ఆ పుస్తకం పట్టుకుని వేపేరి దగ్గర మేం ఎప్పుడూ చూపించే డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన తమిళాయనే గానీ కొన్నాళ్లు నెల్లూరులో పనిచేశారు, తెలుగు బాగా మాట్లాడతారు. పుస్తకం మొత్తం తిరగేసి పక్కన పెట్టేశారు.

"ఇవన్నీ నా చేత్తో వేసినవే అమ్మా. కానీ చిప్ లేనప్పుడు వేసిన టీకా ఏ కుక్కకి వేశామో అక్కడివాళ్లకి ఎలా తెలుస్తుంది? చిప్ వేసి మళ్లీ మొదటి నుంచి వద్దాం."

చిప్ అంటే బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనక చర్మం పైకెత్తి సూదితో లోపలికి పంపుతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాని నంబరులో 15 అంకెలు ఉంటాయి. డాక్టరుగారు స్కానర్‌తో చదివి ఒక్కో అంకే పైకి చెబుతుంటే నేను రాసుకున్నాను. ఆ తర్వాత ప్రతి కాగితం మీదా ఆ అంకెలు సరిపోయాయో లేదో చూసుకోవడం నా పని అయిపోయింది. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ కాగితం చెల్లదు. మీరు కూడా క్లినిక్‌లో నుంచి బయటికి రాకముందే సరిచూసుకోండి.

ఇక్కడే ఒక ఏజెంటు సంగతి చెప్పాలి. విమానం బుకింగ్ కోసం నేను మాట్లాడినవాళ్లలో ఒకాయన, "మేడమ్, నెల రోజులు ఎందుకు వేస్ట్ చేసుకుంటారు? చిప్, టీకా పోయిన నెలలోనే వేసినట్టు తేదీ రాయించుకుందాం, రేపే రక్తం తీయిద్దాం. కుక్కకి ఎలాగూ టీకాలు ఉన్నాయి కదా" అన్నాడు. నిజమే, ఏటా టీకా పడిన కుక్క కాబట్టి రక్తంలో ప్రతిరక్షకాలు, అంటే జబ్బుతో పోరాడే యాంటీబాడీలు, సరిపడా ఉండే అవకాశమే ఎక్కువ. అవతల మావారు ఒంటరిగా ఉన్నారు, ఇక్కడ ఇంటి అద్దె ఇంకా కడుతూనే ఉన్నాను. అయినా ఆ మాట విన్నాక ఆ ఏజెంటుతో మళ్లీ మాట్లాడలేదు.

దానికి కారణం మా వాచ్‌మన్ కొడుకు. వాళ్లది సూళ్లూరుపేట. పిల్లాడు బడి నుంచి వస్తుంటే వీధికుక్క పిక్క పట్టి కరిచింది. ఆ రోజు గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట సేపు కడిగించింది నేనే. తర్వాత వాడు గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ చేతిలో కార్డు చూపించేవాడు: 0వ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. ఒక రోజు పెద్ద వాన. వాళ్ల నాన్న గొడుగు పట్టి వాణ్ణి భుజాన వేసుకుని వెళ్లాడు గానీ ఆ తేదీ మాత్రం తప్పనివ్వలేదు. "ఇది తప్పితే ఇంకేం చెయ్యలేమంట కదక్కా" అన్నాడు నాతో. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే బతికి బట్టకట్టినవాళ్లు దాదాపు లేరు. మన దేశంలో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది దీనివల్ల పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అలాంటి జబ్బుకి సంబంధించిన కాగితం మీద దొంగ తేదీ వేయించడానికి నాకు చేతులు రాలేదు.

బ్రిటన్‌లో కుక్కల రేబిస్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో సైనికులు దొంగచాటుగా తెచ్చుకున్న కుక్కలతో 1918లో మళ్లీ వచ్చింది. దాన్ని పూర్తిగా వదిలించుకునేసరికి 1922 అయింది. ఆ తర్వాత చాలాకాలం బయటి నుంచి వచ్చే ప్రతి కుక్కనీ 6 నెలలు క్వారంటైన్‌లో ఉంచేవాళ్లు. 2000లో చిప్, టీకా, రక్తపరీక్షల పద్ధతి వచ్చాక చాలా దేశాల కుక్కలకు ఆ బాధ తప్పింది. 2012 నుంచి మనలాంటి దేశాల కుక్కలు కూడా లెక్క ప్రకారం వస్తే క్వారంటైన్ లేకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. చుట్టూ సముద్రం ఉన్న దేశం, జబ్బు ఒకసారి పోతే మళ్లీ మనుషులు తెస్తేనే రావాలి. వాళ్ల భయంలో అర్థం ఉందని నాకు అనిపించింది.

టీకా తర్వాత 30 రోజులు దాటాక రక్తం తీయించి, వాళ్లు ఆమోదించిన ల్యాబ్‌కి పంపించాం. మిల్లీలీటరుకి కనీసం 0.5 ఐ.యూ. (ఇంటర్నేషనల్ యూనిట్ అనే కొలత) ప్రతిరక్షకాలు ఉండాలి. జున్నుకి దానికంటే చాలా ఎక్కువే వచ్చాయి. రిపోర్టు చూడగానే నాకు పుట్టిన సందేహమే అందరికీ పుడుతుంది: టీకా పనిచేసిందని తేలాక ఇంకా 3 నెలలు ఎందుకు ఆగాలి? డాక్టరుగారిని అడిగాను.

"టీకా వేసేనాటికే వైరస్ ఒంట్లోకి చేరి ఉందనుకో అమ్మా. అది నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతూ ఉంటుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఈలోగా రక్తపరీక్ష చేస్తే టీకా తాలూకు ప్రతిరక్షకాలే కనిపిస్తాయి, రిపోర్టు బాగానే వస్తుంది. లోపల జబ్బు ఉంటే ఈ మూడు నెలల్లో ఇక్కడే బయటపడాలి, అక్కడికి వెళ్లాక కాదు."

ఆ మాట విన్నాక నా మనసు కుదుటపడింది. అప్పటిదాకా ఊరికే గడపాల్సిన రోజుల్లా కనిపించినవి, జున్నుకి జరుగుతున్న పరీక్షలో భాగమే అని అర్థమైంది. ఆ మూడు నెలలూ వాణ్ణి వీధికుక్కల జోలికి పోనివ్వలేదు. మేడ మీదే నడిపించాను.

ఆ రోజుల్లోనే క్రేట్, అంటే విమానంలో కుక్కని ఉంచే పెట్టె, అలవాటు చేయించాను. కొలతకి విమానయాన సంస్థలన్నీ పాటించే సూత్రం ఒకటుంది. ముక్కు చివర నుంచి తోక మొదలు వరకు పొడవు, నేల నుంచి ముందుకాలి మోచేతి వరకు ఎత్తులో సగం, ఈ రెండూ కలిపితే క్రేట్ పొడవు. దర్జీ టేపు పట్టి, జున్నుని గోడ పక్కన నిలబెట్టి పెన్సిల్ గీతలు పెట్టాను. 72 సెంటీమీటర్లు, మోచేతి ఎత్తు 30, అంటే 72కి 15 కలిపి 87. వెడల్పుకి భుజాల కొలతకి రెట్టింపు కావాలి. ఎత్తు, చెవుల కొస తగలకుండా లోపల వేసే పరుపు మందం కూడా కలుపుకుని ఉండాలి. కుక్క లోపల మామూలుగా నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకోగలగాలి. రోజూ అన్నం క్రేట్ లోపలే పెట్టాను. మావారి పాత లుంగీ అడుగున పరిచాను. కొన్నాళ్లకి మధ్యాహ్నం నిద్రకి వాడే వెళ్లి అందులో పడుకునేవాడు. మత్తుమందు ఇచ్చి పంపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గాల్లో ఊపిరికి, గుండెకి ప్రమాదమని విమానయాన సంస్థలే ఒప్పుకోవు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది బద్దెపురుగు మందు. బ్రిటన్‌లో లేని ఒక రకం బద్దెపురుగు ఉంది, ఎకినోకాకస్ మల్టీలాక్యులారిస్ అంటారు. కుక్కకి పెద్దగా ఏమీ కాదు గానీ, దాని మలంలోంచి గుడ్లు మనిషి కడుపులోకి చేరితే కాలేయంలో ఏళ్ల తరబడి గడ్డలా పెరుగుతుంది. అందుకని ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్రని డాక్టరే వేసి తేదీ, సమయం రాయాలి. అది బ్రిటన్‌లో దిగే సమయానికి 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా ఉండాలి. లెక్క కట్టాల్సింది దిగే సమయం నుంచి. పైగా పల్లికరణైలో కేంద్ర ప్రభుత్వ యానిమల్ క్వారంటైన్ ఆఫీసులో ఆరోగ్య ధ్రువపత్రం తీసుకునేనాటికి ఆ మాత్ర వివరాలు కాగితం మీద ఉండాలి. ఆ ధ్రువపత్రం వచ్చిన 10 రోజుల లోపు బ్రిటన్‌లో అడుగుపెట్టాలి.

పొంగల్ సెలవుల గొడవ ఉండకూడదని పండగ దాటాక ఒక బుధవారం విమానం పెట్టుకున్నాం. లండన్‌లో దిగేది అక్కడి మధ్యాహ్నం 12 ప్రాంతంలో, అంటే మనకి సాయంత్రం 5:30. శనివారం ఉదయం 10 గంటలకి మాత్ర వేయిస్తే దిగేసరికి 103 గంటలు దాటుతుంది. విమానం కొన్ని గంటలు ఆలస్యమైనా 120 మించదు. సోమవారం వేయించవచ్చు కదా అంటే, కుక్క కక్కేస్తే మళ్లీ వేయించడానికి టైం ఉండదు. శనివారమే ఖాయం చేశాం. జున్ను మాత్రని నాలుక కింద దాచుకుని రెండుసార్లు ఉమ్మేశాడు. డాక్టరుగారు గొంతు నిమురుతూ మూతి పట్టుకుని మింగేదాకా వదల్లేదు. అరగంట అక్కడే కూర్చోబెట్టి, కక్కలేదని చూసుకున్నాకే సంతకం పెట్టారు.

సోమవారం పల్లికరణై వెళ్లాం. కొళత్తూరు నుంచి ఊరికి ఆ చివర. ఆఫీసరుగారు ముందు స్కానర్ పెట్టి చిప్ చదివారు, తర్వాతే కాగితాలు తీశారు. టీకా తేదీ, రక్తం తీసిన తేదీ, ల్యాబ్ రిపోర్టు, మాత్ర సమయం ఒక్కొక్కటీ వేలు పెట్టి పోల్చి చూశారు. అక్కడి అటెండరు చిత్తూరువైపు మనిషి. జున్నుకి గిన్నెలో నీళ్లు పెట్టి, "తేదీలు సరిగా ఉంటే సార్ ఏమీ అనరమ్మా, కంగారు పడొద్దు" అన్నాడు. ఆయన అన్నట్టే ఆ పూటే ధ్రువపత్రం చేతికొచ్చింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చూపు లేనివాళ్లకి దారి చూపించేలాంటి సహాయ కుక్కలు తప్ప మిగతావేవీ బ్రిటన్‌కి విమానంలో మన పక్కన కూర్చుని రాలేవు, కార్గోగానే రావాలి. కార్గోలో వస్తుంది కాబట్టి అక్కడ పన్ను కట్టమంటారు. నివాసం మార్చుకుంటున్నామని ముందే దరఖాస్తు పెట్టి నంబరు తెచ్చుకుంటే ఆ పన్ను ఉండదు. మావారు లీడ్స్ నుంచి ఆ పని చూశారు. మీనంబాక్కం కార్గోలో జున్నుని బయటికి తీసి ఖాళీ క్రేట్‌ని స్కాన్ చేశారు. ఖర్చు లక్షల్లోనే అయింది, ముందే సిద్ధపడండి.

హీత్రోలో జంతువులు దిగే కేంద్రాన్ని సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ నడుపుతుంది. కాగితం తప్పయితే కుక్కని 4 నెలల వరకు మన ఖర్చుతో క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. వెనక్కి కూడా పంపవచ్చు. బయట బల్ల మీద నేనూ మావారూ కొన్ని గంటలు కూర్చున్నాం. చివరికి ఒకామె వచ్చి చిప్ నంబరులో చివరి అంకెలు చదివి, "అన్నీ సరిగ్గా ఉన్నాయి, తీసుకెళ్లండి" అంది. జున్ను మావారి మీదకి దూకిన దూకుడికి ఆయన కళ్లజోడు కింద పడింది.

లీడ్స్‌లో ఇంటికి చేరాక చిప్ నంబరుని ఇక్కడి డేటాబేస్‌లో నమోదు చేయించాం. ఇక్కడ అది చట్టం. ఇంకొక్క విషయం: రేబిస్ బూస్టర్ గడువు దాటకుండా వేయిస్తూ ఉంటే ఆ రక్తపరీక్ష రిపోర్టు మళ్లీ అక్కర్లేదు. ఒక్కసారి గడువు దాటిందంటే, ఎప్పుడైనా ఇండియా వెళ్లి రావాలనుకున్నప్పుడు టీకా, 30 రోజులు, రక్తం, 3 నెలలు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. జున్ను బూస్టర్ తేదీ నా ఫోన్‌లోనూ, మావారి ఫోన్‌లోనూ, గూడూరులో మా అమ్మ క్యాలెండర్ మీదా రాసి ఉంది.